నిలబెట్టే కుర్చీ - నిలకడకు పరీక్ష

గత సంవత్సరం మన కళాశాల వార్షికోత్సవ సభ ముగిసిన పిదప, సభాభవనపు ద్వారం దగ్గర చక్రాల కుర్చీలో కూర్చొని ఉన్న ఒక విద్యార్థిని పలకరించి, సభ ఎట్లా జరిగిందని అడిగాను. "ఉపన్యాసాలు బాగున్నాయి సార్. జాతీయగీతం అప్పుడే కొంచెం కష్టం. అందరూ లేస్తారు గదా, నాకు ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించవు" అని నవ్వుతూ చెప్పాడు. కొన్ని దినముల తరువాత అదే విద్యార్థి ఒక బొమ్మ తెచ్చి చూపించాడు. మీట నొక్కగానే కూర్చున్న మనిషిని మెల్లగా లేపి నిలబెట్టే విద్యుత్ చక్రాల కుర్చీ బొమ్మ అది. "ఇది మంచిదేనా సార్? దీంట్లోంచి పడిపోరా?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఆనాడు నా వద్ద సమాధానం లేదు. ఛందస్సు చెప్పుకొనేవాడికి యంత్రాల సంగతి ఎక్కడిది! అయినా అడిగినవాడు శిష్యుడు గనుక, భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను విసిగించి, దొరికినంత చదివి, తెలిసికొన్న విషయాలను ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాను.

మొదట గమనింపవలసినది ఏమనగా, ఆ విద్యార్థి అడిగినది ఒక ప్రశ్న కాదు, రెండు. "మంచిదేనా" అనేది ప్రయోజనానికి సంబంధించినది. "పడిపోరా" అనేది క్షేమానికి సంబంధించినది. పరీక్షాశాలలో కొలుచుటకు వీలయినది రెండవది. మొదటిదానికి సమాధానం చెప్పగలవాడు ఆ కుర్చీలో కూర్చొనే మనిషి ఒక్కడే. ఈ రెండింటిని కలగాపులగం చేయుట వలన వచ్చే చిక్కులను ముందుముందు చూడగలము.

చక్రాల కుర్చీ చరిత్రను ఇక్కడ విస్తరించి చెప్పుట అనవసరం. గని ప్రమాదంలో నడక కోల్పోయిన హెర్బర్ట్ ఎవరెస్టు అనే అమెరికా ఇంజనీరు, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్సుతో కలిసి 1933 ప్రాంతంలో మడతపెట్టుటకు వీలయిన ఉక్కు గొట్టాల కుర్చీని తయారుచేశాడు. మన ఆసుపత్రులలో కనిపించే కుర్చీలకు మూలపురుషుడు అదే. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడి చేతులు కూడ చచ్చుబడిన సైనికుల కొరకు కెనడా జాతీయ పరిశోధన మండలిలో జార్జి క్లైన్ బృందం విద్యుత్తుతో నడిచే కుర్చీని రూపొందించింది. 1950 తరువాతి దశాబ్దంలో అట్టి కుర్చీలు అంగడికి వచ్చినవి. నిలబెట్టే కుర్చీ ఈ వంశంలో తరువాతి తరం. దానిలో కూర్చొనే పీట, వీపు ఆనే పలక, కాళ్ళు ఉంచే పలక - ఈ మూడూ కీళ్ళతో కలపబడి ఉంటాయి. ఒక మోటారు ఆ కీళ్ళను విప్పుకొంటూ పోతే మూడు పలకలు క్రమంగా ఒకే నిలువుగీతకు దగ్గరగా వస్తాయి. మోకాళ్ళ ముందు రెండు దిండ్లు, ఛాతీకి ఒక పట్టీ ఉండి మనిషిని పట్టుకొంటాయి. అనగా, మనిషి లేచి నిలబడడు. కుర్చీయే అతనిని నిలబెడుతుంది.

నిలబడినంత మాత్రాన ఒరిగేదేమిటని కొందరికి సందేహం కలుగవచ్చు. సదా కూర్చొని ఉండేవారికి పిరుదుల క్రింద రక్తప్రసరణ తగ్గి పుండ్లు పడతాయి. తుంటి, మోకాలు కీళ్ళు వంగినచోటనే బిగుసుకొనిపోతాయి. నిలబడగల కుర్చీ ఈ బాధలను కొంతవరకు తగ్గించగలదని వైద్యులు చెబుతారు. బీరువా పై అర, కొట్టు బల్ల, నల్లబల్ల అందుతాయి. ఎదుటివాని కళ్ళలోకి తల ఎత్తకుండ చూడగలగడం వీటన్నిటి కంటె వేరైన లాభం. నిలబడలేనివాడు కూర్చొని నమాజు చేసుకొనవచ్చునని షరీఅత్ సౌలభ్యం ఇచ్చింది, దానిలో పుణ్యలోపం ఏమీ లేదు. కాని సౌలభ్యం ఉన్నది గనుక ఆశ ఉండకూడదని ఎవరూ అనలేదు. పంక్తిలో అన్నదమ్ముల భుజానికి భుజం ఆనించి నిలబడవలెననే కోరిక శాస్త్రచర్చకు లొంగేది కాదు.

ఇక పడిపోవుట సంగతి. ఇది ఇంటర్మీడియటులో మనం చదివిన గురుత్వకేంద్రపు పాఠమే. విద్యార్థులు ఒక అగ్గిపెట్టెను అట్టమీద పడుకోబెట్టి, అట్టను ఒకవైపు మెల్లగా ఎత్తి చూడండి. పెట్టె జారిపోకుండ క్రింద చిన్న పుల్ల అడ్డం పెట్టండి. ఎంతో ఎత్తితే గాని అది బోర్లపడదు. అదే పెట్టెను నిలువుగా నిలబెట్టి ఎత్తితే కొద్దిపాటి వాలుకే తలక్రిందులవుతుంది. బరువు మారలేదు, పెట్టె మారలేదు. గురుత్వకేంద్రం పైకి పోయింది, ఆధారం ఇరుకైంది, అంతే. గురుత్వకేంద్రం నుండి దించిన నిలువుగీత ఆధారపు అంచును దాటినప్పుడు వస్తువు పడుతుంది. చక్రాల కుర్చీకి ఆధారం అనగా చక్రాలు నేలను తాకే బిందువులను కలిపిన చతురం.

లెక్క కట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఈ అంకెలు ఏ కంపెనీ కుర్చీవీ కావు, ఉదాహరణకు నేను అనుకొన్నవి. కుర్చీ బరువు 130 కిలోలు, మనిషి బరువు 70 కిలోలు అనుకొందాం. కూర్చున్నప్పుడు కుర్చీ గురుత్వకేంద్రం నేలనుండి 30 సెంటీమీటర్లు, మనిషిది 70 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటే, రెండింటికి కలిపి 44 సెంటీమీటర్లు. నిలబడినప్పుడు కుర్చీ పై భాగాలు కూడ లేస్తాయి గనుక దానిది 40, మనిషిది 110 అనుకొంటే, ఉమ్మడి కేంద్రం 64.5 సెంటీమీటర్లకు లేస్తుంది. అంతటితో ఆగదు. లేచేటప్పుడు తుంటి ముందుకు వస్తుంది గనుక కేంద్రం కూడ ముందుకు జరుగుతుంది. ముందు చక్రాల రేఖకు దానికి గల దూరం 30 నుండి 22 సెంటీమీటర్లకు తగ్గినదనుకొందాం. కూర్చున్న కుర్చీ ముందుకు బోర్లపడవలెనంటే నేల 34 డిగ్రీలకు పైగా వాలవలసి ఉండగా, నిలబడిన కుర్చీకి 19 డిగ్రీలు లేకుండానే పడిపోతుంది.

పందొమ్మిది డిగ్రీల వాలు మన దారులలో ఎక్కడున్నదని ధీమాపడరాదు. కదిలే కుర్చీకి బ్రేకు వేసినప్పుడు ఏమవుతుందో చూడాలి. బస్సు డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు తొక్కితే నిలబడిన ప్రయాణికులు ముందుకు తూలుట అందరికీ అనుభవమే. పై లెక్క ప్రకారం, సమతలం మీద కూర్చున్న కుర్చీ బోర్లపడుటకు సెకనుకు సెకనుకు 6.7 మీటర్ల చొప్పున వేగం తగ్గవలెను. నిలబడిన కుర్చీకి 3.3 మీటర్లు చాలు, సరిగా సగం. అదే కుర్చీ 7 డిగ్రీల వాలులో క్రిందికి దిగుతూ ఆగవలసివస్తే 2.1 మీటర్లకే వెనుక చక్రాలు లేస్తాయి. వాలు, ఎత్తు, బ్రేకు - ఒక్కొక్కటి విడిగా ప్రమాదకరం కాకపోయినా, మూడు కలిసినప్పుడు మనిషి ముఖం నేలకు తగులుతుంది. కూర్చున్నప్పుడు క్షేమమని తేలిన కుర్చీ నిలబడినప్పుడు మరొక కుర్చీ అవుతుందని, దానిని కొత్తగా పరీక్షించవలెనని పరీక్షకులు పట్టుపట్టుటకు కారణం ఇదే.

పరీక్షలు ఎట్లా చేస్తారు

చక్రాల కుర్చీల పరీక్షకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వారి 7176వ ప్రమాణమాల ప్రపంచమంతటా ఆధారం. దానిలో అనేక భాగాలున్నవి. మొదటి భాగం నిశ్చల స్థిరత్వం. కుర్చీని ఒక పెద్ద పలకమీద నిలిపి, మనిషికి బదులు ప్రమాణపు బొమ్మను కూర్చోబెట్టి, పలకను క్రమంగా ఎత్తుతూ ఏ కోణం వద్ద ఎగువ చక్రాలు లేచినవో గుర్తిస్తారు. ముందుకు, వెనుకకు, పక్కలకు - అన్ని దిక్కులా చేస్తారు. బ్రేకులు వేసి, బ్రేకులు వదలి కూడ చేస్తారు. పీట ఎత్తు, వీపుపలక వాలు మార్చుకొనే కుర్చీ అయితే, అన్నిటికంటె నిలకడ ఎక్కువైన అమరిక, అన్నిటికంటె తక్కువైన అమరిక, రెండూ పరీక్షించాలి. నిలబెట్టే కుర్చీలో నిలకడ తక్కువైన అమరిక ఏదో వేరే చెప్పనక్కరలేదు. అయితే పూర్తిగా నిలబడిన స్థితియే అన్ని దిక్కులకు అధమం అనుకొనుట పొరపాటు. లేస్తున్నప్పుడు మధ్యలో ఒక స్థితిలో దేహభారం ముందుకు ఎక్కువగా పోయి, పూర్తిగా నిటారయిన తరువాత కొంత వెనుకకు రావచ్చు. కనుక మెట్టుమెట్టుగా ఆపి కొలుచుట ఉత్తమం.

రెండవ భాగం విద్యుత్ కుర్చీలకు మాత్రమే సంబంధించిన చలన స్థిరత్వం. ఇందులో సమతలం మీద, 3, 6, 10 డిగ్రీల వాలుల మీద కుర్చీని నడిపి, ఒక్కసారిగా బయలుదేరుట, ఒక్కసారిగా ఆగుట, వెనుకకు పోతూ ఆగుట, వేగంగా మలుపు తిరుగుట వంటివి చేయిస్తారు. ఫలితానికి మార్కులు వేసే పద్ధతి మన పరీక్షలను తలపిస్తుంది. ఎగువ చక్రాలలో ఒకటైనా నేలను వదలకపోతే 3. అన్నీ క్షణకాలం లేచి మళ్ళీ నేలకు వస్తే 2. వెనుకకు పడకుండ అమర్చిన చిన్న ఊతచక్రాల మీద చిక్కుకొని నిలిచిపోతే 1. పూర్తిగా పడిపోతే సున్న. ఇక్కడ సున్న మార్కు వచ్చినవాడు సెప్టెంబరులో మళ్ళీ వ్రాయుటకు ఉండకపోవచ్చును గనుక, ఆ పరీక్ష బొమ్మతోనే జరుగుట న్యాయం. పరీక్షించే మనిషి కుర్చీలో ఉండవలసివస్తే, పడిపోతే పట్టుకొనే త్రాళ్ళు కట్టుకొంటాడు.

మూడవ భాగం బ్రేకుల కొరకు, ఆరవది గరిష్ఠ వేగం కొరకు, పదవది గడపలు, చిన్న మెట్లు దాటుట కొరకు ఏర్పడినవి. ఎనిమిదవ భాగం బలం, దెబ్బలకు ఓర్పు, అలుపు అనే మూడింటికి సంబంధించినది. దానిని చదివినప్పుడు నాకు ఆ కుర్చీమీద జాలి కలిగింది. పట్టీలు బిగించిన రెండు డోలుల మీద కుర్చీ చక్రాలను నిలిపి 2,00,000 పర్యాయాలు ఎగుడుదిగుడుగా త్రిప్పుతారు. ఆ తరువాత 5 సెంటీమీటర్ల ఎత్తునుండి 6,666 సార్లు దబ్బున నేలకు వదలుతారు. ఇంత చేసినా గొట్టాలు పగులకుండ, మరలు ఊడకుండ ఉంటేనే ఉత్తీర్ణత. నిలబెట్టే కుర్చీకి ఇది కూడ చాలదు. లేపి దించే కీళ్ళు, ఇరుసులు, మోటారు - వీటిని బరువుతో వేలసార్లు లేపి దించి చూడాలి. నడిచే దారిలో ఇరుసు విరిగితే కుర్చీ ఆగుతుంది. మనిషి గాలిలో సగం లేచి ఉండగా ఇరుసు విరిగితే జరిగేది వేరు.

విద్యుత్తు సంగతి కొద్దిగా చెప్పి ముందుకు పోతాను. పద్నాలుగవ భాగం నియంత్రణ వ్యవస్థను గురించినది. జాయ్‌స్టిక్కు తీగ తెగితే కుర్చీ ఆగవలెనే గాని పరుగెత్తకూడదు. ఇరువది ఒకటవ భాగం రేడియో తరంగాల బెడదను గురించినది. ఇది ఊహాజనితమైన భయం కాదు. పోలీసు వైర్‌లెస్సు వంటి పరికరాల తరంగాలు తగిలి విద్యుత్ కుర్చీలు తమంతట తాము కదలిన సందర్భాల దృష్ట్యా, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1994లో తయారీదారులను హెచ్చరించింది. మీటరుకు 20 వోల్టుల క్షేత్రాన్ని తట్టుకొనగలగాలని కోరింది. నిలబెట్టే కుర్చీకి విశేషంగా చూడవలసినది మరొకటి కలదు. మనిషి నిలబడి ఉండగా బ్యాటరీ అయిపోతే ఎట్లా? కరెంటు లేకపోయినా చేతితో త్రిప్పి గాని, మీట వదలి గాని మనిషిని నెమ్మదిగా కూర్చోబెట్టే ఏర్పాటు ఉండి తీరవలెను. ఆ పని తోడున్న ముసలితల్లి చేయగలదా అని కూడ పరీక్షలోనే చూడాలి. ఎందుకనగా మన ఇండ్లలో తోడు ఉండేది చాలా చోట్ల ఆమెయే.

బొమ్మకు లేని బాధలు

ప్రమాణపు బొమ్మలు 25, 50, 75, 100 కిలోల బరువులలో ఏర్పడినవి. తరువాతి కాలంలో ఇంకా బరువైనవి కూడ వచ్చినవి. బొమ్మ బరువు సరిగానే తూగుతుంది. కాని దానికి రక్తం లేదు, చర్మం లేదు, ఆశ లేదు.

రక్తం సంగతి చూడండి. చాలకాలం కూర్చొని ఉన్నవాడు ఒక్కసారి నిటారయితే రక్తం కాళ్ళలోకి దిగి, రక్తపు పోటు పడిపోయి, కండ్లు చీకట్లు కమ్ముతాయి. నడవగలవారికి కాలి కండరాలు బిగిసి రక్తాన్ని పైకి నెట్టుతాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఆ సహాయం ఉండదు. కనుక లేపే వేగం ఎంత, మధ్యలో ఆపుటకు వీలున్నదా, కళ్ళు తిరిగినవాడు మీటను వదలగానే కదలిక ఆగుతుందా అనేవి ప్రాణంతో ముడిపడిన విషయాలు.

చర్మం సంగతి ఇంకా సూక్ష్మమైనది. కుర్చీ కీలు ఒకచోట, మనిషి తుంటి కీలు మరొకచోట ఉంటాయి. రెండింటి ఇరుసులు ఒకే గీతమీద ఉండవు గనుక, లేస్తున్నప్పుడు వీపుపలక వీపుమీద జారుతుంది. ఈ జారుడు కొద్ది సెంటీమీటర్లే కావచ్చును. స్పర్శ ఉన్నవాడైతే చొక్కా మడత సర్దుకొంటాడు. స్పర్శ లేనివాడికి ఆ రాపిడి తెలియదు, రోజుకు పదిసార్లు లేస్తే కొన్నాళ్ళకు పుండు తెలుస్తుంది. మోకాలి దిండ్ల వద్ద మరొక చిక్కు. ఏండ్ల తరబడి బరువు మోయని ఎముకలు గుల్లబారి ఉంటాయి. ఆ దిండు మోకాలి క్రింద సరిగా అమరక, దేహభారమంతా ఒక్కచోట పడితే ఎముక విరగవచ్చును, విరిగినట్లు కూడ తెలియకపోవచ్చును. అందువలన నిలబెట్టే కుర్చీ కొనుటకు ముందు వైద్యుని చేత ఎముకల బలం, కీళ్ళ సాగుడు, రక్తపు పోటు చూపించుకొనవలెననుట లాంఛనం కాదు.

ఆశ అని ఎందుకన్నాననగా, మనిషి నిలబడేది నిలబడుటకు మాత్రమే కాదు. పై అరలోని పుస్తకం అందుకొనుటకు. చేయి చాచి, నడుము వంచి, ఒక్క వ్రేలెడు దూరం అందకపోతే ఇంకొంచెం సాగి, బరువైన నిఘంటువును ఒంటిచేత లాగుతాడు. పై లెక్కలోని 22 సెంటీమీటర్లు అప్పుడు ఎంతవుతాయో ఊహించండి. బొమ్మ ఎన్నడూ పుస్తకం కొరకు చేయి చాచదు. ప్రమాణాలు పెక్కు భాగం కూర్చున్న దేహాన్ని మనసులో ఉంచుకొని ఏర్పడినవి. నిలబెట్టే కుర్చీని పరీక్షించేవారు బొమ్మ చేతికి బరువు కట్టి, ముందుకు, పక్కకు చాపి కూడ వాలుపలక మీద చూడవలెనని నా అభిప్రాయం. ఆ తరువాత, పడకుండ త్రాళ్ళు కట్టిన ఏర్పాటులో, నడవలేనివారే కూర్చొని లేచి చూడాలి. వారికి అపాయాలన్నీ ముందుగా వారి భాషలో చెప్పి, ఎప్పుడు మానుకొన్నా ఎవరూ తప్పుపట్టరని తెలిపి, ఇష్టపూర్వకంగా ఒప్పుకొన్నవారినే తీసికొనవలెను.

ఇక ప్రారంభంలో చెప్పిన చిక్కు వద్దకు వస్తున్నాను. పడిపోకుండ ఉండే కుర్చీని తయారుచేయుట కష్టం కాదు. నిలబడినప్పుడు అసలు కదలకుండ తాళం వేస్తే సరి. కొన్ని కుర్చీలు అట్లే చేస్తాయి. నిటారు కాగానే చక్రాలు బిగుసుకుంటాయి. మరికొన్ని చాల నెమ్మదిగా మాత్రమే కదలనిస్తాయి. ఇంకొన్ని నేల వాలును తామే కొలిచి, వాలుమీద లేవనే లేవవు. వాలుమీద లేవకుండుట నాకు సబబుగానే తోస్తుంది. కాని సమతలం మీద కూడ కదలకుండ బిగించుట ఎట్టిదంటే, ఉపాధ్యాయుడు నల్లబల్ల ఎడమ మూలలో నాలుగు మాటలు వ్రాసి, కూర్చొని, నాలుగడుగులు జరిగి, మళ్ళీ లేచి, తక్కిన వాక్యం వ్రాయుట వంటిది. అట్టి క్షేమం విసుగుపుట్టిస్తుంది. విసిగినవాడు తాళాన్ని తప్పించే ఉపాయం వెదకుతాడు. అప్పుడు పరీక్షించిన కుర్చీ ఒకటి, వాడుకలోని కుర్చీ ఒకటి అవుతాయి.

ఈ విషయంలో ఐబాట్ అనే కుర్చీ కథ చెప్పుకోదగినది. డీన్ కేమెన్ అనే అమెరికా ఆవిష్కర్త రూపొందించిన ఈ కుర్చీ మనిషిని నిలబెట్టదు గాని, కూర్చున్నవానిని కూర్చున్నట్లే ఎత్తి, రెండు చక్రాల మీద తనంతట తాను తూచుకొంటూ నిలుస్తుంది. మెట్లు కూడ ఎక్కుతుంది. మెట్లు ఎక్కే కుర్చీని అమెరికా నియంత్రణ సంస్థ అన్నిటికంటె కఠినమైన మూడవ తరగతిలో చేర్చింది. సుదీర్ఘ పరీక్షల తరువాత 2003లో అనుమతి లభించింది. ధర సుమారు 25 వేల డాలర్లు. కొనగలవారు కొద్దిమంది. 2009లో అమ్మకం ఆగిపోయింది. 2014లో ఆ సంస్థ మెట్లు ఎక్కే కుర్చీలను రెండవ తరగతికి దించింది. 2019లో ఐబాట్ కొత్తరూపంలో మళ్ళీ వచ్చింది. పరీక్షలు కఠినంగా ఉన్నందుకు నేను ఎవరినీ నిందించను. కాని ఆ నడిమి పదేండ్లలో కొత్తది కొనుక్కొనలేకపోయిన మనుషులు కూడ లెక్కలోకి రావలసినవారే. 2023లో అమెరికా ప్రభుత్వ వైద్య బీమా విద్యుత్ కుర్చీ పీటను పైకి లేపే ఏర్పాటుకు ఖర్చు భరించుటకు అంగీకరించింది. ఆ నిర్ణయంలో నిలబెట్టే ఏర్పాటును చేర్చలేదు. సంపన్న దేశంలోనే పరిస్థితి ఇట్లున్నది.

మన దేశంలో మద్రాసు ఐ.ఐ.టి. లోని పునరావాస పరిశోధన కేంద్రం, ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ వారితో కలిసి, 2019 నవంబరులో 'అరైజ్' అనే నిలబెట్టే కుర్చీని విడుదల చేసింది. బ్రిటనులోని వెల్‌కమ్ ట్రస్టు దానికి చేయూత ఇచ్చింది. ఇది విద్యుత్తుతో నడిచేది కాదు, కూర్చున్నవాడు తన చేతులతోనే నడుపుకొని, తన చేతులతోనే లేచేది. ధర సుమారు 15 వేల రూపాయలు ఉండగలదని ఆనాడు ప్రకటించారు. చేతులు బలంగా ఉన్నవారికి ఇది వరం వంటిది. చేతులు కూడ బలహీనమైనవారికి విద్యుత్ కుర్చీయే శరణ్యం. ఒక సంగతి మాత్రం రెండింటికీ సమానం. గురుత్వకేంద్రానికి మోటారు ఉన్నదా లేదా అనే పట్టింపు లేదు.

ఇంత చదివిన తరువాత నేను ఆ విద్యార్థికి చెప్పినది ఇది. అమ్మేవానిని రంగు, వేగం అడగవద్దు. నిలబడిన స్థితిలో ముందుకు, వెనుకకు, పక్కకు ఎన్ని డిగ్రీల వరకు పడదో కాగితం మీద వ్రాసి ఇమ్మను. ఆ పరీక్ష ఎంత బరువు బొమ్మతో చేశారో అడుగు. నిలబడి ఉండగా కుర్చీ ఎంత వేగంతో కదులుతుందో, బ్యాటరీ పోతే ఎట్లా దిగాలో అడిగి, అక్కడే దించి చూపించమను. నీ ఎత్తుకు మోకాలి దిండ్లు సర్దకుండ ఒక్కసారి కూడ లేవవద్దు.

అతడు అంతా విని, "సార్, మన లైబ్రరీ ర్యాంపు ఎన్ని డిగ్రీలు?" అన్నాడు.

ఈ ప్రశ్నకు కూడ నా వద్ద సమాధానం లేదు. మరునాడు ఇద్దరు విద్యార్థులతో టేపు, మట్టపుగొట్టం తీసికొని కొలిచాము. గ్రంథాలయపు ర్యాంపు ఎక్కే ఎత్తు 18 అంగుళాలు. నేల వెంబడి పొడవు 12 అడుగులు. అనగా ఎనిమిదికి ఒకటి, 7 డిగ్రీల పైచిలుకు. పై లెక్కలో 7 డిగ్రీల వాలును ఎందుకు తీసికొన్నానో పాఠకులు ఇప్పుడు గ్రహించి ఉంటారు. కేంద్ర ప్రభుత్వం 2021లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ర్యాంపు పన్నెండుకు ఒకటి కంటె నిటారుగా ఉండరాదు. విద్యాసంస్థల భవనాలు వికలాంగులకు అందుబాటులో ఉండవలెనని 2016 నాటి చట్టం కూడ చెబుతున్నది. మన ర్యాంపు ఆ కొలతకు రావలెనంటే 18 అడుగుల పొడవు ఉండాలి. ఇంకా ఆరడుగులు పొడిగించవలెను. ఎదురుగా ఉన్న సైకిళ్ళ స్టాండును కొద్దిగా జరిపితే ఆ ఆరడుగులకు చోటున్నది. కొలతల కాగితాన్ని కళాశాల కమిటీ కార్యదర్శిగారికి అందజేశాను.

విద్యార్థి ఇంకా కుర్చీ కొనలేదు. ఆ కంపెనీకి డిగ్రీల లెక్క అడుగుతూ ఉత్తరం వ్రాశాడు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. తెలుగు ఉత్తరంలో రెండు అక్షరదోషాలు దిద్ది ఇచ్చాను. జవాబు రావలసి ఉన్నది.